వరసలో చివరి మనిషి

మా సఫీ ఊళ్లో సార్డీన్ చేపల ఫ్యాక్టరీ ఆడవాళ్లు వేసుకునే ఏప్రన్‌కి నాడాలు వీపు వైపు ఉంటాయి. దాన్ని కుట్టించిన పెద్దమనిషి ఒక్కరోజైనా తొడుక్కుని ఉండడు. ఎవరికి వాళ్లు బిగించుకోలేరు కాబట్టి అందరూ వరసగా నిలబడి, ముందున్న మనిషికి ముడి వేస్తారు. చివర నిలబడ్డ మనిషికి వెనక ఎవరూ ఉండరు. ఆ ముడి మేస్త్రీ అబ్బాస్ వేస్తాడు. శుభ్రత నియమమట.

మా చెల్లి గిజ్లాన్ ఈ వసంతంలోనే అక్కడ చేరింది. ఓ శుక్రవారం నేను కుస్కుస్ ఆవిరికి పెడుతుంటే, నా వంటింటి ఏప్రన్ ముడి వేస్తూ అడిగింది.

“అక్కా, ముడి వెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?”

“నువ్వేసినంతసేపు. ఏం?”

“మేస్త్రీకి చాలాసేపు పడుతుంది. చేతులు నాడాల దగ్గరే ఉండవు.”

“తప్పుగా ఏమైనా అన్నాడా?”

“నోరే ఎత్తడు.”

“అయితే పది నిమిషాలు ముందెళ్లు. చదువుకునే రోజుల్లో రెండు వేసవులు చేశాను అక్కడ. ఒక్కనాడూ చివర నిలబడలేదు.”

పట్టా పుచ్చుకున్నదాన్ని కదా, జవాబుకి తడుముకోలేదు. వేధింపంటే ఎక్కడో తలుపు గడియ పడాలని నా అభిప్రాయం. పట్టపగలు, నలుగురిలో, నియమం ప్రకారం జరిగేది నాకు ఆలస్యంగా నిద్రలేచేవాళ్ల సమస్యలా కనిపించింది.

ముందే వెళ్లింది. “కొత్తవాళ్లు చివరికి,” అన్నాడు అబ్బాస్. మర్నాడు నాడాలకి తాడు ముక్కలు కలిపి, ముందుకి తిప్పి తనే కట్టుకుంది. “నన్ను ముట్టుకోకండి,” అని అందరూ వింటుండగా చెప్పింది.

పడవలు ఒడ్డుకొస్తే ఫ్యాక్టరీ నుంచి ఫోను చేసి పనికి పిలుస్తారు. ఎవర్ని పిలవాలో మేస్త్రీ ఇష్టం. ఆ తర్వాత మూడు వారాలూ వీధి వీధంతా చేపల వాసన కొట్టింది. గిజ్లాన్ చేతులకు మాత్రం నిమ్మచెక్క రుద్దుకునే అవసరం పడలేదు.

మహిళా సంఘానికి తనే బయల్దేరింది. నేను తోడు వెళ్లాను. వకీలు బతూల్ గారు పుదీనా టీ పోసి, తాగేదాకా ఆగి, సంగతంతా విన్నారు.

“నీకిష్టమై ఊరుకున్నావా అమ్మా?”

“లేదండి.”

“వద్దన్నావా?”

“మొదట పక్కకి జరిగేదాన్ని. తర్వాత చెప్పాను.”

“నువ్వు జరిగినప్పుడే అది వేధింపు తల్లీ. జరగకపోయినా వేధింపే. చెప్పావని పనికి పిలవకపోవడం దాని మీద ఇంకొకటి.”

గిజ్లాన్ తలాడించింది. కొత్త సంగతి విన్నట్టు లేదు. విన్నది నేను.

“ఇది అతని పాత అలవాటేనని ఎవరైనా చెబితే బలం. అప్పట్లో పనిచేసినవాళ్లు తెలుసా?”

నేను తరగతిలోలా చెయ్యెత్తాను. “అప్పుడూ ఆయనే మేస్త్రీ. నేను చెబుతాను.”

“మంచిది. మీ రోజుల్లో చివర ఎవరుండేవారు?”

ఒకమ్మాయి పచ్చ ప్లాస్టిక్ చెప్పులు గుర్తొచ్చాయి. పల్లె బస్సు దిగి పరుగెత్తుకుంటూ వచ్చేది. “జరగండే, పెళ్లికూతురొచ్చింది,” అనుకుంటూ తను దూరడానికి మధ్యలో సందు లేకుండా దగ్గరగా నిలబడేవాళ్లం. తనూ మాతోపాటు నవ్వేది. రెండో వేసవి సగంలో రావడం మానేసింది. నిజంగానే పెళ్లయి ఉంటుందని అనుకున్నాం.

“పేరు?” బతూల్ గారు కలం పట్టుకుని చూస్తున్నారు.

“పెళ్లికూతురు అనేవాళ్లం.”

ఆవిడ రాసుకోలేదు.

గిజ్లాన్ అప్పుడు నా వైపు తిరిగింది. “పది నిమిషాలు ముందు రావాల్సింది కదక్కా, ఆ పెళ్లికూతురు.”

“ఆ పల్లె నుంచి బస్సు ఒక్కటే,” అన్నాను.