తఖ్తా మీది పొట్టు

గంగుబాయి పొయ్యి నడుమ సీసా నిలబెట్టి దాని చుట్టూ రంపపు పొట్టు కూరుతున్నది. ఒక గుప్పెడు పోసి పిడికిలితో ఒత్తుతుంది, మళ్లీ ఇంకో గుప్పెడు పోస్తుంది. పాత రేకు డబ్బాతో చేయించుకున్న పొయ్యి అది. అడుగున ఒక రంధ్రం, ఆ రంధ్రంలోంచి సీసాకు ఆనేటట్టు దూర్చిన కట్టె. పొట్టు గట్టిగా కూరినాక కట్టెనూ సీసానూ మెల్లగా గుంజేస్తే లోపల గాలికి దారి మిగులుతుంది. ఆ దారి నిలిస్తే మధ్యాహ్నం దాకా ఒకే తీరు మంట. కూలితే పొగ.

సీసాను తిప్పుతూ పైకి గుంజింది. సగం వచ్చిందో లేదో, లోపల పొట్టు బొద్దుమని కూలింది.

మళ్లీ కూరింది. మళ్లీ కూలింది.

గుప్పెడు పొట్టు చేతిలోకి తీసుకొని పిడికిలి బిగించి చూసింది. ఎండిన పొట్టు అయితే వేళ్ల సందుల్లోంచి చక్కెర లాగా జారిపోవాలి. ఇది లడ్డు కట్టుకొని కూర్చుంది. వేలితో పొడిచినా చెదరలేదు.

ఎట్లయితే అట్ల అవుతుందని అంటించింది. ఇల్లంతా పొగ కమ్మింది. అవతలి మూల బీడీలు చుడుతున్న అత్త వెంకటవ్వ దగ్గుతూనే నవ్వింది.

"ఏమే, రొట్టెలు కాలుస్తున్నవా, దోమలను ఎల్లగొడుతున్నవా?"

"రెండూనే అత్తా. నీకు పుణ్యం."

"నా మాట ఇని వచ్చి చాట ముందల కూసో. ఆకుకు పొగ రాదు. నీ కత్తెర తుప్పు వడుతున్నది."

గంగుబాయి పెంక మీద రొట్టె తిప్పింది. పెళ్లయి బోధన్‌కు వచ్చిన నాటి నుంచి నిరుటి దాకా ఆమె కూడా ఆకూ తంబాకూ పోసుకున్న ఆ చాట ముందే కూర్చుంది. తంబాకు దుమ్ముకు గొంతు పట్టేసి, దగ్గి దగ్గి పక్కటెముకలు నొప్పి పెట్టేవి. నిరుడు ఒకనాడు చాటను గోడకు ఆనించి, ఇక పట్టనని అందరి ముందర చెప్పేసింది. భర్త భోజన్న భీవండి మగ్గాల మీద ఉన్నాడు. ఫోనులో "నీ ఇష్టం" అన్నాడు, అంతే. ఆనాటి నుంచి బస్టాండు పక్కన ముత్యం నడిపే మెస్సుకు జొన్నరొట్టెలు చేసి ఇస్తున్నది. మహారాష్ట్రలోని దెగ్లూరు దిక్కు నుంచి వచ్చే లారీల వాళ్లు అన్నం కంటే రొట్టెనే అడుగుతారు. ఈ రొట్టెల పని పోతే మళ్లీ చాటే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అందరూ దానికోసమే ఎదురుచూస్తున్నట్టు ఆమెకు అనిపించేది.

ముత్యం ఆ పూట రొట్టె తుంచి వాసన చూశాడు.

"గంగక్కా, నా గిరాకీ రొట్టె తింటున్నదా, చుట్ట తాగుతున్నదా? నిన్న గూడ గిట్లనే. రేపు ఒక్కనాడు చూస్త. గిదే వాసనొస్తే శక్కర్‌నగర్‌ల ఒకామె ఉన్నది, ఆమెకు చెప్పుకుంట. మనసుల పెట్టుకోకు."

"రేపు వాసన రాదు తమ్మీ," అంది గంగుబాయి. ఎందుకు రాదో అప్పటికి ఆమెకూ తెలియదు.

ఇంటికొచ్చి పొట్టు సంచుల ముందు కూర్చుంది. ఎండాకాలంలోనే కట్టెకోత మిషిను కాడ తెచ్చి, వాకిట్లో ఎండబోసి నింపిన సంచులు. పైన పెంకులు కారడం లేదు. కింద ఇటుకలు పెట్టింది. పొయ్యిలో బూడిద నిలిస్తే తేమ పట్టి రేకు తుప్పు తింటుందని పని అయిన వెంటనే దులిపి బోర్లిస్తుంది. మరి చెమ్మ ఎక్కడిది? ఒక్కో సంచిని చేత్తో తడిమింది. గోడ దిక్కు పొడిగానే ఉంది. ఇవతలి దిక్కు చల్లగా తగిలింది.

ఇవతలి దిక్కు అత్త బీడీ ఆకు కట్టలు ఉన్నాయి.

ఎండిన ఆకు కత్తెరకు పెళుసుగా విరుగుతుంది కాబట్టి దాన్ని తడి గోనెలో చుట్టిపెట్టుకుంటారు. పొద్దుగూకేటప్పుడు వెంకటవ్వ చెంబు పట్టుకొని వచ్చింది. ఆకు మీద నీళ్లు చిలకరించింది. అదే చేత్తో, అదే ఊపులో, పక్కనున్న పొట్టు సంచుల మీద కూడా చిలకరించింది. తడి గోనెను లాగి రెండింటి మీదా కప్పింది.

"అత్తా! పొట్టు మీద గూడ చల్లుతున్నవా?"

వెంకటవ్వ తన చెయ్యిని తానే చూసుకుంది. "చల్లిన్నా? ఏమోనే. చిన్నప్పటిసంది చల్లుతున్న చెయ్యి. ఎండిన సంచి కనవడితే ఊకుంటదా?"

అబద్ధం కాదని గంగుబాయికి తెలుసు. ఆ ఇల్లే అట్లాంటిది. ఆకు ఆరొద్దని ఉత్తరపు కిటికీ కూడా తెరవరు. ముసురు ముదిరిందంటే నేలా చెమరుస్తుంది, మట్టిగోడా చెమరుస్తుంది. పొడిగా ఉండే చోటు ఒక్కటే. ముందరి అర్రలో గోడకు ఎడంగా, ఎత్తు కాళ్ల మీద నిలబడ్డ తఖ్తా. ఆ పెద్ద బల్ల మీద మామ లక్ష్మీరాజం కూర్చుంటాడు. కులసంఘం పెద్ద. పేక పత్తాలాట, పంచాయితీ, మధ్యాహ్నపు నిద్ర, అన్నీ దాని మీదే. ఆడవాళ్లు దాన్ని తుడుస్తారే గాని దాని మీద కూర్చోరు.

మర్నాడు రొట్టెల గిరాకీ పోకూడదు. గంగుబాయి వెళ్లి నిలబడింది.

"మామా, తఖ్తా మీద ఒక పక్కకు పొట్టు పెట్టుకుంట. వానకాలం పోయేదాంక."

లక్ష్మీరాజం బాలీసు దిండు మీంచి లేవకుండానే నవ్వాడు. "పొట్టు ఎక్కిస్తవ్. ఎల్లుండి మేకను ఎక్కిస్తవ్. నన్నేమో చూరుకు కట్టేస్తవ్. పో, పో."

చెప్పులు వేసుకొని చాయ హోటలుకు పోయాడు.

గంగుబాయి సంచులు విప్పింది. గడ్డ కట్టినదంతా ఏరి అవతల పారేసింది. గోడ దిక్కున్న పొడి పొట్టులో ఆ తడిది ఒక్క పిడికెడు కూడా కలవనియ్యలేదు. కొంచెం మెత్తబడినదాన్ని రొట్టెల పెంక మీద పలుచగా పరిచి, చిన్న సెగ మీద ఆవిరి పోయేదాకా కలుపుతూ కూర్చుంది. చల్లారనిచ్చి, మూత గట్టిగా పట్టే నూనె డబ్బాల్లో నింపింది. ఒక్కో డబ్బా మోసుకొచ్చి తఖ్తా మీద పెట్టింది. చోటు చాలక బాలీసును కాళ్ల దిక్కుకు జరిపింది.

లక్ష్మీరాజం వచ్చేసరికి వెంట పత్తాల దోస్తు రాజారాం కూడా ఉన్నాడు.

"ఇవేంది?"

"పొట్టు మామా."

"నా తఖ్తా మీద దానికేం పని?"

"పొడిగ ఉండే పని."

రాజారాం కిసుక్కున నవ్వాడు. "లక్ష్మీరాజం, నీకంటె ముందే పెద్దమనుషులు వచ్చి కూసున్నరు గదనే!"

ఆ నవ్వుతో లక్ష్మీరాజం ముఖం నల్లబడింది. "దించు."

"దించ. మీరు దించితే దించుండ్రి, నేను మళ్ల ఎక్కిస్త." గంగుబాయి గొంతు పెద్దది చెయ్యలేదు. "ఒక్క మాట గూడ ఇనుండ్రి మామా. రేపు నా రొట్టెలు పోతే చాట ముందల కూసుంటదిలే అనుకుంటున్నరేమో. చాట పట్ట. ఖాళీగ కూసుంట గాని చాట పట్ట."

రాజారాం నవ్వు ఆపి, పని గుర్తొచ్చినట్టు వెనుదిరిగి పోయాడు.

తెల్లవారి గంగుబాయి ముందరి అర్రలోకి వస్తే డబ్బాలన్నీ నేల మీద ఉన్నాయి. నేల చెమర్చి వాటి చుట్టూ తడి గుండ్రాలు కట్టింది. లక్ష్మీరాజం తఖ్తా నడుమ మఠం వేసుకొని కూర్చొని, బయటి వానను చూస్తున్నాడు.

ఆమె ఒక డబ్బా మూత తీసి చెయ్యి పెట్టింది. పొట్టు వేళ్ల సందుల్లోంచి జారింది.

సీసా చుట్టూ కూరింది. గుంజింది. దారి నిలబడింది. నిప్పు అడుగు నుంచి పైకి పాకి, పెంక కింద పువ్వులాగా విచ్చుకుంది. పొగ లేదు. రొట్టె మీద రొట్టె పొంగుతుంటే వెంకటవ్వ దగ్గకుండా చూస్తూ కూర్చుంది. ఒక రొట్టె తుంచి నోట్లో వేసుకుంది. లేచి ఆకు కట్టలను తన దిక్కుకు గుంజుకుంది, చెంబును కూడా.

రొట్టెలన్నీ గుడ్డలో చుట్టి గంపకెత్తినాక గంగుబాయి ముందరి అర్రలోకి వచ్చింది. ఒక డబ్బా ఎత్తి, అడుగు కొంగుతో తుడిచి, మామ మోకాలి పక్కన పెట్టింది. ఇంకోటి ఎత్తింది. లక్ష్మీరాజం కదలలేదు. చివరి డబ్బా చేతుల్లో పట్టుకొని ఆమె అట్లాగే నిలబడింది. పెట్టడానికి చోటు లేదు. ఆయన లేవడు, ఆమె దించదు.

లోపలి నుంచి వెంకటవ్వ గొంతు వచ్చింది. "జర జరుగరాదు. పిల్ల చేతులు గుంజవా?"

లక్ష్మీరాజం ఆ దిక్కు చూశాడు, డబ్బా దిక్కు చూశాడు. బాలీసును ఒళ్లోకి లాక్కొని అంచుకు జరిగాడు.

గంగుబాయి డబ్బాను అక్కడ పెట్టింది, మూతను అరచేత్తో ఒకసారి గట్టిగా ఒత్తింది. గంప నెత్తికెత్తుకొని పైన ప్లాస్టిక్ కవరు కప్పుకుంది. రోజూ పెరటి దారిన పోయేది, ఆ పూట మామ ముందునుంచే, ముందరి గడప దాటి, వానలోకి వెళ్లిపోయింది.