మానుకి నీళ్లు

శిక్షణ ముగించుకుని ఇంటికొచ్చిన ఆమె, బ్యాగు భుజాన ఉండగానే పెరట్లోకి వెళ్లింది. మానుకట్టిన మూడు ఫెర్న్ చెట్లూ ఆకులు వేలాడేసి ఉన్నాయి.

“రోజూ బక్కెట్ నిండా పోశాను. అయినా ఎండితే నన్నేం చెయ్యమంటావు?” అన్నాడు భర్త గుమ్మంలోంచి.

మొదళ్లలో బురద ఉంది. మానులు పొడిగా ఉన్నాయి. నేల మీద కాదు, తల మీద పొయ్యండి, మానంతా తడవాలి అని వెళ్లేరోజు చెప్పింది, ఫోన్లోనూ చెప్పింది. “మానుకి తలంటేమిటే!” అని అత్తగారు నవ్వడం ఆ ఫోన్లోనే వినపడింది.

పెరట్లో ఎండ పడని, బట్టలైనా ఆరని మూల అది. ఎవరికీ అక్కర్లేదు గనక ఆమెకి వదిలేశారు. ఈ చెట్టుకి మాను అనుకునేదంతా వేళ్లే. వెంట్రుకల్లా పైనుంచి కిందికి అల్లుకుని మానులా నిలబడతాయి. అతను పొయ్యలేదని కాదు. పెళ్లయిన దగ్గర్నుంచీ పోస్తూనే ఉన్నాడు. అడగని గాజులు, అడగని వాషింగ్ మెషీన్, వాటి మీద “నీకేం తక్కువ చేశాను?” అనే మాట. వేరే ఊళ్లో శాఖాధికారిగా వెళ్తానని ఆమె అడిగినప్పుడల్లా మాత్రం అతనికి ఏదో ఫోన్ వచ్చేది, లేచి వెళ్లిపోయేవాడు. ఆఫీసువాళ్లయితే వెళ్తావా అని ఆమెని అడగనే లేదు. “మీకెందుకమ్మా తిప్పలు, ఇల్లుంది కదా” అంటూ ఆమె పని నేర్పినవాళ్లకే ఆ కుర్చీ ఇచ్చారు. ఈసారి ఆమే వెళ్లి పైఅధికారుల్ని అడిగింది. శిక్షణ ఆ ఉద్యోగానికే.

“పదిరోజులు లేకపోతేనే వీటి గతి ఇదీ. ఇక బదిలీ మీద పోతే? అమ్మకి నడుం వంగదు, నాకు తీరికుండదు. మొక్కల కోసమైనా ఆలోచించు.”

మొన్నటిదాకా అతను వాటిని గడ్డి అనేవాడు. ఆమె చెట్టు తలలో వేలుపెట్టి చూసింది. చుట్టుకుని ఉన్న ఆకుమొగ్గలు గట్టిగా తగిలాయి, ప్రాణం ఉంది. రంపం తెచ్చి, పొట్టిదాన్ని నేలమట్టానికి కోసింది.

“మతిగాని పోయిందటే? వేరు తెగాక చెట్టు బతుకుతుందా?” అత్తగారు పరుగున వచ్చింది.

“బతుకుతుంది అత్తయ్యా. పాతి, మాను తడుపుతుంటే కొత్త వేళ్లొస్తాయి.”

తడిగోనె చుడుతుంటే భర్త అడిగాడు. “ఎక్కడ పాతుతావు?”

“నాకిచ్చిన క్వార్టర్ వెనకాల నీడుంది. వస్తూ ఆ ఊళ్లో దిగి చూశాను. తాళంచెవి కూడా ఇచ్చేశారు.” ఆమె ముడి బిగించి లేచింది. “రెండు గదులున్నాయండీ. మీరొస్తే ఒకటి మీది.”