ఏడో లీవరు మీది కొంగు

సత్తెమ్మ పోయిన పదకొండో రోజున మా అక్క లక్ష్మీనర్సమ్మ ఆమె చీరలన్నీ మూటగట్టి చాకలికి ఇచ్చేసింది. చచ్చిన మనిషి బట్టలు ఇంట్లో ఉండకూడదట! వచ్చి చూసేసరికి దండెం బోసిగా ఉంది. అక్క మీద ఇంతెత్తున లేచాను, ఏం లాభం? ఫొటో కూడా లేని పెళ్లాం నాది.

ఏడాది తిరిగాక, పంతొమ్మిది వందల నలభై తొమ్మిది ఎండాకాలంలో, అన్నం తింటుంటే గుర్తొచ్చింది. ఆమె చీర ముక్క ఒక్కటి మిగిలే ఉంది! ఖమ్మం అవతల, నేను ఇరవై ఆరేళ్లు పనిచేసిన సిగ్నల్ కేబిన్‌లో.

మా సూర్యాపేటకు రైలెక్కడిది? బస్సులో ఖమ్మం పోయి ప్యాసింజరు పట్టుకున్నాను. కేబిన్ అలాగే ఉంది. కింద నల్లరాతి గోడ, పైన టేకు చెక్కల గది, మూడు వైపులా అద్దాలు. లోపల సిగ్నళ్లను కదిలించే పన్నెండు లీవర్లు. వాటి ఉక్కు పిడులను ఉత్త చేత్తో పట్టుకుంటే చెమటకు తుప్పు పడతాయి, గుడ్డతోనే లాగాలి. మరిచిపోయినవాణ్ని నేను బండబూతులు తిట్టేవాణ్ని. నా గుడ్డ ఎప్పుడూ సత్తెమ్మ పాత చీర కొంగే. రిటైరైన రోజు అలవాటు కొద్దీ ఏడో లీవరు మీదే వదిలేసి వచ్చాను. అప్పుడామె ఉంది కదా, కొంగులకేం కరువనుకున్నాను.

నా చోటికి వచ్చిన ఏసుపాదం చేతిలో అదే ఉంది. నీలం గళ్లు కనిపించనంతగా నూనె పట్టింది.

"నా పెండ్లాం కొంగురా అది! గిట్ల జేసినవేందిరా?"

"నాకేమెరుక, పెంటయ్య కాకా? రేషన్ల గుడ్డ దొరుకుతలేదు. గిదొక్కటే ఉన్నది. తీస్కపో," అని ఇచ్చేశాడు.

జేబులో పెట్టుకుని మెట్ల దాకా వెళ్లానో లేదో గంట మోగింది. మెయిలు వస్తోంది. తిరిగి చూస్తే ఏసుపాదం చెమట చెయ్యి ఏడో లీవరు మీదికి పోతోంది.

"ఉత్త చెయ్యారా, సన్నాసీ!"

కొంగు తీసి విసిరేశాను. వాడు దాన్ని పిడికి చుట్టి, కాలు తన్నిపెట్టి లాగాడు. దూరంగా సిగ్నల్ చెయ్యి వాలింది. మెయిలు కేబినంతా అదరగొడుతూ వెళ్లిపోయింది.

వాడు లీవరు వెనక్కి వేసి కొంగు మళ్లీ నాకిచ్చాడు. ముఖానికి ఆనించుకున్నాను. ఆమె వాసన లేదు, అంతా నూనె కంపే. కానీ వాడి చేతి వేడికి వెచ్చగా ఉంది. ఏడాదిగా మా ఇంట్లో ఏదీ నాకు ఇలా వెచ్చగా తగల్లేదు. ఏడుపు ఆగలేదు.

పెట్టెలో పెడితే ఇదీ చల్లబడుతుంది. నేనే దాన్ని ఏడో లీవరుకు తగిలించాను.

"నీ కాడనే ఉండనియ్‌రా. మళ్ల నెల వస్త. బండి పోయినంక ఒక్కసారి నా చేతిల పెట్టు, సాలు."