మంచు గ్లాసులో నాణెం

ల్యాబులో ఆవిడని అందరూ చూపులమ్మ అనేవారు. పెళ్లిచూపులకీ ఆ పేరుకీ ఏ సంబంధమూ లేదు. కంటితో చూడనిదే ఒక్క అంకె కూడా రాయని మొండిఘటం కాబట్టి ఆ పేరు పడింది. పంతొమ్మిదేళ్లుగా పొద్దున తొమ్మిదింటికోసారి, సాయంత్రం నాలుగింటికోసారి, రక్తం దాచే రెండు ఫ్రీజర్ల ముందూ నిలబడి, కళ్లజోడు సర్దుకుని, డయల్లో ముల్లు ఎక్కడుందో చూసి రిజిస్టరులో రాసేది. మైనస్ ఎనభై. మర్నాడు మళ్లీ మైనస్ ఎనభై. "రోజూ అదే అంకె కదమ్మా, నెలకి సరిపడా ఒకేసారి రాసేసుకోరాదూ?" అని ఎవరైనా వేళాకోళమాడితే మాత్రం ఒంటికాలి మీద లేచేది.

లేవదూ మరి! ఆవిడ భర్త పురుగుమందుల ఫ్యాక్టరీలో పీపాలు నింపేవాడు. అక్కడ గాలిలో విషం ఎంతుందో గంటగంటకీ కొలిచి రాయాల్సిన ఉద్యోగి ఒకడున్నాడు. ఆ మహానుభావుడు కుర్చీలోంచి లేవకుండా, పొద్దున్నే ఎనిమిది గంటల అంకెలూ వండేసి, కాళ్లు బారజాపుకుని కూర్చునేవాడు. పురుగుమందు పారే గొట్టం పగిలిన రోజున కూడా అతని పుస్తకంలో గాలి శుభ్రంగానే ఉంది. ఆ శుభ్రమైన గాలి పీల్చి పదకొండుమంది పోయారు. మిగిలినవాళ్లు బతికారు, బతుకంటే అదే అనుకుంటే. చూపులమ్మ భర్త చేతులకి ఆ రోజు పట్టుకున్న వణుకు ఎనిమిది నెలలైనా వదల్లేదు. మంచినీళ్ల గ్లాసు ఆవిడే పట్టుకుని తాగించాలి. "చూడకుండా రాసే చెయ్యి పడిపోను!" అని పూటకోసారైనా ఆ కుర్చీవాణ్ణి తిట్టుకోనిదే ఆవిడకి ముద్ద దిగేది కాదు.

గొట్టం పగిలిన వారంలోనే నలభైరెండుమంది పనివాళ్ల రక్తం తీసి రెండో ఫ్రీజరులో పెట్టారు. మనిషి రక్తంలో ఒక ఎంజైము ఉంటుంది. ఆ పురుగుమందు ఒంట్లో చేరితే దాన్ని చంపేస్తుంది. అది ఎంత తగ్గితే మనిషికి విషం అంత పట్టినట్టు. కొన్ని నెలలు గడిస్తే ఒంట్లో అది మళ్లీ పుట్టుకొస్తుంది, కాబట్టి ఇప్పుడు కొత్తగా రక్తం తీసి లాభం లేదు. ఆ వారం తీసిన రక్తమే సాక్ష్యం. విచారణ కమిటీ ఎదట ఫ్యాక్టరీవాళ్లు "మా పుస్తకం చూడండి, గాలి బాగుంది" అంటున్నారు. దానికి ఎదురు చెప్పగలిగింది ఆ నలభైరెండు గాజు గొట్టాలే. ఫ్యాక్టరీ ఛాయలకి పోనివాళ్ల రక్తం కూడా, పక్కన పెట్టి పోల్చడానికి, మొదటి ఫ్రీజరులో దాచారు. సూదికి భయపడుతున్న పనివాళ్ల ఇళ్లకి వణికే చేతులతోనే వెళ్లి ఒప్పించింది ఆవిడ భర్తే. "మన రక్తానికి కాపలా ఎవరనుకున్నారు? మా ఆవిడ!" అని చెప్పుకుని తిరిగాడు పాపం.

అలాంటి చూపులమ్మ నెత్తిన తెచ్చి కంప్యూటరు పెట్టారు.

యంత్రాలు అమ్మే కంపెనీ నుంచి ఒక కుర్ర ఇంజనీరు రెండు రోజుల పాఠం చెప్పడానికి వచ్చాడు. తెర మీద తీగలు గీయిస్తాడు కాబట్టి ల్యాబువాళ్లు సాయంత్రానికల్లా అతనికి తీగల మాస్టారని పేరు పెట్టేశారు. "ఇందులో ఇంగ్లీషు రాతలేం ఉండవమ్మా, అన్నీ బొమ్మలే" అన్నాడు. తెర మీద రెండు కిటికీలు. ముందు కిటికీలో థర్మామీటరు బొమ్మ, గ్రాఫు, ఆపడానికి ఒక మీట. వెనక కిటికీలో అసలు పని. వేడి కొలిచే యంత్రానికో పెట్టె, లెక్క చేయడానికో పెట్టె, వాటి మధ్య తీగ. ఆపమనేదాకా అదే పని మళ్లీ మళ్లీ చేయాలంటే చుట్టూ ఒక చట్రం గీస్తే సరి. తీగ కలపడం ఎక్కడైనా మర్చిపోతే పైన, పని మొదలుపెట్టే బాణం గుర్తు రెండు ముక్కలై, నడవనని మొరాయిస్తుంది.

కుట్టుపని వచ్చిన చెయ్యి కదా, ఆవిడకి ఆ తీగలు దారాల్లా ఇట్టే పట్టుబడిపోయాయి. మధ్యాహ్నానికి పక్కవాళ్లకి చెప్పేటంత అయింది. బాణం విరిగినప్పుడల్లా "ఏమే, ఏమొచ్చింది నీకు?" అని తెరతో మాట్లాడుతుంటే మాస్టారు పడిపడి నవ్వాడు.

"ఉష్ణోగ్రత కొలిచే యంత్రం ఇంకా రాలేదు కదా, అంతదాకా ఇదిగో" అని మాస్టారు ఫ్రీజరుకొకటి చొప్పున గీసిన రెండు చట్రాల్లోనూ ఒక్కో పాచిక బొమ్మ తెచ్చి పడేశాడు. "సున్నాకీ ఒకటికీ మధ్య తోచిన అంకె విసురుతూ ఉంటుంది. దాన్ని రెండుతో గుణించి, ఎనభై ఒకటి తీసెయ్యండి."

తీసేసింది. థర్మామీటరు బొమ్మ మైనస్ ఎనభై చుట్టూ కొంచెం పైకీ కొంచెం కిందకీ ఊగింది. అచ్చం ఫ్రీజరే.

"ఇవి ఉత్తుత్తి అంకెలా?" ఆవిడ మొహం చిట్లించింది.

"నేర్చుకోవడానికేనమ్మా. యంత్రం వచ్చాక పాచికని చెరిపేసి, ఆ చోట యంత్రం పెట్టె పెట్టుకోండి. మర్చిపోకండేం."

యంత్రం మర్నాడే వచ్చింది. మొదటి ఫ్రీజరుకి పాచిక తీసేసి యంత్రం పెట్టె పెట్టారు. రెండో ఫ్రీజరుకి యంత్రం తీగ పొడవు చాల్లేదు. కొత్త తీగ వచ్చేసరికి వారం పట్టింది, మాస్టారు వెళ్లిపోయాడు. ఆవిడే ఆ తీగని ఫ్రీజరులోకి దూర్చి, ఇవతలి కొస యంత్రానికి తగిలించింది. యంత్రం మీద పచ్చదీపం వెలిగింది. తెర మీద మైనస్ ఎనభై. ఇంకేం కావాలి? తీగ తగిలించకముందు కూడా తెర ఎనభయ్యే చూపించిందన్న సంగతి ఆవిడకి తట్టలేదు. తెర మీది తీగ తెగితే బాణం విరుగుతుంది గానీ, యంత్రం పెట్టె ఉండాల్సిన చోట పాచిక ఉంటే విరగదు. కంప్యూటరు దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది.

"ఇక రిజిస్టరు దేనికమ్మా? నిమిషానికో అంకె దానంతటదే రాసుకుంటోంది" అన్నాడు ల్యాబు పెద్దసారు. ఎప్పుడో మూగబోయిన ఫ్రీజరు అలారం కూడా తెర ఉందిగా అని బాగు చేయించలేదు. ఆవిడకి వారం రోజులు చెయ్యి దురద పెట్టింది. తర్వాత అలవాటైపోయింది. కొత్త పని నేర్చుకున్నానన్న మురిపెం ఒకటి! ఇంటికెళ్లి భర్తకి కాగితం మీద తీగలు గీసి చూపించింది కూడా.

ఒక్క పాత అలవాటు మాత్రం మిగిలింది. ప్రతి ఫ్రీజరులో ఒక మూల నీళ్లు గడ్డకట్టించిన గ్లాసు, ఆ గడ్డ మీద ఒక నాణెం. నాణెం పైనే ఉంటే గడ్డ ఎప్పుడూ కరగనట్టు, అడుగుకి దిగితే మధ్యలో కరిగినట్టు. ల్యాబువాళ్లకి పాఠాలు నేర్పిన ముసలి టెక్నీషియను చెప్పిన చిట్కా అది.

బయటి ల్యాబువాళ్లు రక్తం పరీక్షకి పట్టుకెళ్లడానికి ఇంకా రెండు రోజులుందనగా, అరలు తుడుద్దామని రెండో ఫ్రీజరు తలుపు తీసింది. గ్లాసు చేతిలోకి తీసుకుంది. పైన నాణెం లేదు. కింద పడిందేమోనని వెతికింది. తర్వాత గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూసింది. నాణెం అడుగున ఉంది, దాని మీద మళ్లీ గట్టిగా బిగిసిన మంచు.

డయలు చూసింది, మైనస్ ఎనభై. తెర చూసింది, మైనస్ ఎనభై. అయినా నాణెం నడిచి వెళ్లదు కదా.

కరెంటు పని చేసేవాడి దగ్గరికి పరిగెత్తింది. "అవునక్కా, పోయిన నెల మూడు రోజులు వరసగా సెలవులొచ్చాయి చూడు, అప్పుడు మీ రెండో ఫ్రీజరున్న గోడవైపు లైను మాత్రం పడిపోయింది. సోమవారం పొద్దున్నే వచ్చి స్విచ్చి ఎత్తాను. ఏం, ఏమైంది?" అన్నాడు.

ఆ సోమవారం తొమ్మిదింటికి ఆవిడ ల్యాబులోనే ఉంది. లేచి నాలుగడుగులు వేసి డయలు చూసి ఉంటే, ముల్లు ఇంకా సున్నా దగ్గరే కొట్టుకుంటూ కనిపించేది. ఆవిడ కుర్చీలో కూర్చుని తెర చూసింది.

వచ్చి ఆ మూడు రోజుల గ్రాఫు తెరిచింది. మైనస్ డెబ్భైతొమ్మిదికీ ఎనభై ఒకటికీ మధ్య చక్కగా ఊగుతోంది. వెనక కిటికీ తెరిచింది. రెండో చట్రంలో పాచిక కూర్చునుంది, చుక్కలు కనబడుతూ. "ఓరి నాయనో" అని అక్కడే కూలబడింది.

ఇంకో సంగతి కాసేపటికి గానీ తలకెక్కలేదు. ఆ ఎంజైముని విషమూ చంపుతుంది, వేడీ చంపుతుంది. ఏది చంపిందో పరీక్షలో తెలియదు. మూడు రోజులు కరిగి కుళ్లిన రక్తంలో అది అడుగంటిపోయి ఉంటుంది. పక్క ఫ్రీజరులో ఊరివాళ్ల రక్తం భద్రంగా ఉంది. రెండూ పోల్చి చూస్తే పనివాళ్లందరికీ విషం నిలువెల్లా పట్టిందని తేలుతుంది. ఆవిడ చేయాల్సిందల్లా కొత్త గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, పైన ఒక నాణెం పెట్టడమే.

సాయంత్రం భర్తకి నీళ్లు తాగిస్తూ అంతా చెప్పేసింది. దాచడం చేతకాని మనిషి. ఆయన గ్లాసు పక్కకి తోసేశాడు.

"ఎవరికి తెలుసు?"

"నాకు. ఇప్పుడు మీకు."

"అయితే తెలీనట్టే ఉండు" అన్నాడు. "విషం పట్టింది అబద్ధమా? ఇవి చూడు." చేతులు ఎత్తి చూపించాడు. "నలభై గుమ్మాలు ఎక్కానే నేను! మీ ఆవిడ కాపలా ఉంటే మాకేం భయం అని సూది పొడిపించుకున్నారు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఎక్కమంటావు?"

"నేను సంతకం పెట్టాలండీ. ఈ అంకెలు నేను స్వయంగా చూశాను అని."

"పెట్టు. నీ సంతకం మీద వాళ్ల బతుకులున్నాయి, నా బతుకుంది."

ఆవిడ తలూపింది. నిజంగానే పెడదామనుకుంది. ఎవరికి నష్టం? ఆ ఫ్యాక్టరీవాళ్లకా? వాళ్లని చూస్తే ఆవిడ కడుపు మండిపోతుంది.

మర్నాడు పొద్దున పెద్దసారు బల్ల మీద కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. మూడు నెలల అంకెలు, కింద "పై అంకెలు నేను స్వయంగా చూసినవి" అన్న వాక్యం, దాని కింద ఖాళీ. ఆవిడ కలం తీసింది. ఆ వాక్యం ఒకసారి చదివింది. ఫ్యాక్టరీ పుస్తకం నకలు విచారణలో చూపించినప్పుడు ఆవిడ చూసింది, అందులోనూ ప్రతి పేజీ కింద అచ్చం ఇదే వాక్యం ఉంది. దాని కింద కుర్చీవాడి సంతకం, వంపులు తిరిగి, ఎంతో తీరిగ్గా.

లేచి వెళ్లి గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది.

పెద్దసారుకి చెప్పాల్సిన పని లేకపోయింది. అడుగున నాణెం చూసి ఆయన మొహం పాలిపోయింది. లేచి తలుపు మూసి వచ్చాడు.

"అమ్మా, ఈ గ్లాసు మీరు తేలేదు, నేను చూడలేదు. వాళ్లకి విషం పట్టింది నిజమే కదా?"

"నిజమే సార్."

"మరి నిజాన్ని గెలిపించడానికేనమ్మా."

"ఆ కుర్చీవాడూ ఇలాగే అనుకుని ఉంటాడు సార్, గాలి రోజూ బాగానే ఉంటోంది కదా అని." ఆవిడ కలం మళ్లీ చేతిలోకి తీసుకుంది. "ఎనిమిది నెలలుగా వాడి చెయ్యి పడిపోవాలని తిడుతున్నాను. ఇప్పుడు నా చేత్తో ఇది రాస్తే నన్నెవరు తిట్టాలి?"

కాగితం కింద రాసింది: "మొదటి ఫ్రీజరు అంకెలు యంత్రం కొలిచినవి. రెండో ఫ్రీజరు అంకెలు ఎవరూ చూసినవి కావు. పాచిక వేసినవి. తప్పు నాది." సంతకం పెట్టింది. పెద్దసారు ఆపలేదు. ఆ గ్లాసుకేసి చూస్తూ కూర్చున్నాడు.

ఆ వారంలోనే నలభైరెండు గొట్టాలూ పనికిరావని సంచిలో కట్టి కాల్చెయ్యడానికి పంపారు. ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసేసి ఇంటికి పంపారు. ఊళ్లో ఒక్కరూ పలకరించలేదు. భర్తని పోగొట్టుకున్న ఒకావిడ మాత్రం గుమ్మం దాకా వచ్చి, "ఎంతకి అమ్ముడుపోయావే?" అని దుమ్మెత్తిపోసి వెళ్లింది. చూపులమ్మ లోపల నిలబడి అంతా విన్నది.

నెల తిరక్కుండా కమిటీ తీర్పు వచ్చింది. పెద్దసారే స్వయంగా వచ్చి చెప్పి, కూర్చోమన్నా కూర్చోకుండా వెళ్లిపోయాడు. రక్త పరీక్ష లేదు కాబట్టి, ఆ రోజు గాలి ఎలా ఉందో చెప్పే రాతపూర్వక ఆధారం ఇక ఒక్కటే మిగిలింది, ఫ్యాక్టరీ పుస్తకం. దాన్నే ప్రమాణంగా తీసుకున్నారు. గాలి బాగుంది.

మంచం మీద భర్త అంతా విన్నాడు.

"ఆ కుర్చీవాడి పుస్తకంలో సంతకం ఉందిగా" అన్నాడు చివరికి.

"ఉందండీ."

"వాడి ఉద్యోగం?"

"ఉంది."

ఆయనకి దాహంగా ఉందేమో, బల్ల మీద గ్లాసుకేసి చెయ్యి చాపాడు. ఆవిడ గబుక్కున లేచి అందుకోబోయింది.

"వద్దు" అన్నాడు.

రెండు చేతులతో గ్లాసు పట్టుకున్నాడు. అది పళ్లకి కొట్టుకుంది. సగం నీళ్లు చొక్కా మీద, దుప్పటి మీద ఒలికిపోయాయి. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆయన దించలేదు, ఆవిడకేసి చూడలేదు. తర్వాత అటు తిరిగి పడుకున్నాడు. ఆవిడ తడి దుప్పటి మార్చడానికి లేవబోయి, మళ్లీ కూర్చుండిపోయింది.