మూడు వందల ఎనిమిదో తలుపు

మూడు వందల ఎనిమిదో నంబరు తలుపు బద్దలు కొట్టి లోపలికి దూకిన అగ్నిమాపక సిబ్బందికి మనిషి కాదు కదా, కుర్చీ కూడా కనిపించలేదు.

కింద బట్టలు ఉతుక్కుని, బుట్ట చంకన పెట్టుకుని లిఫ్టు దిగిన వర్నెల్ టబ్స్ అక్కడే నిలబడిపోయింది. వరండా అంతా కొత్త రంగు వాసన.

“ఊపిరాడటం లేదని ఫోన్ చేసింది. ఇంతలోనే గాల్లో కలిసిపోయిందా?” అన్నాడొకడు విసుగ్గా.

“ఎవరు? మా ఉబ్బసం ఓడెల్లానా?” వర్నెల్ చేతిలోంచి బుట్ట జారింది. “ఓడెల్లా ఉండేది ఇది కాదయ్యా!”

“మూడు వందల ఎనిమిది అని చెప్పింది పెద్దమ్మా. తలుపు మీద మీరే చూడండి.”

చూసింది. అంకె అదే. కాని ఇది ఎవరూ లేని ఫ్లాటు. మొన్ననే రంగులు వేసి తాళం పెట్టారు. వర్నెల్ ఒక్క పరుగున అవతలి తలుపు దగ్గరికి వెళ్లింది. మట్టల ఆదివారం నాడు ఓడెల్లా గుచ్చిన ఈతాకు సిలువ అలాగే ఉంది. దాని పైన మాత్రం మూడు వందల పన్నెండు అని ఉంది.

“ఇది! ఇది కొట్టండి!”

తలుపు గడియ ఊడింది. వంటగది గుమ్మంలో ఓడెల్లా పడి ఉంది. పిడికిట్లో ఉబ్బసానికి పీల్చే ఇన్‌హేలర్. వెనక గోడ కిందనుంచి పైదాకా నల్లగా బూజు.

అమెరికాలోని టొలీడో ఊళ్లో ఆ పాత గాజు ఫ్యాక్టరీని పేదలకు ఇళ్లుగా మార్చినవాళ్లు దయతో మార్చలేదు. డబ్బు పెట్టిన పెద్దమనుషులకు ప్రభుత్వం పన్ను తగ్గిస్తుంది, అంతే. తనిఖీకి వచ్చిన అధికారి ఏ తలుపులు చూడాలో అప్పటికప్పుడు చెబుతారు. లోపల దరిద్రం బయటపడితే ఆ రాయితీకి ఎసరు. అందుకే తనిఖీ రోజున మేనేజర్ డ్వైట్ క్రోమర్ టై కట్టుకుంటాడు. “నా గోడకి గడ్డం మొలిచింది, గీయించమని ఆ టై బాబుకి చెప్పవే” అని ఓడెల్లా నవ్వేది. నవ్విన ప్రతిసారీ దగ్గేది. డ్వైట్ గడ్డం మీద సున్నం పూయించేవాడు. వాన పడితే మళ్లీ మొలిచేది.

సిబ్బంది ఓడెల్లా గుండె మీద చేతులు పెట్టి చాలాసేపు పోరాడారు. చివరికి ఒకడు చేతులు తీసేశాడు.

“ఇంకాస్త ముందు వచ్చుంటే...” అంటూ దుప్పటి కప్పాడు.

వర్నెల్ ఏడవలేదు. వరండాలోకి వచ్చింది. డ్వైట్ గోడకి ఆనుకుని ఉన్నాడు. పక్కనే తనిఖీకి వచ్చిన హాల్‌స్టెడ్ మేడం. ఓడెల్లా తలుపు మీది ఇత్తడి అంకెల్ని వర్నెల్ వేలితో కదిపింది. మొదటి అంకె మూడు బిగుతుగానే ఉంది. ఒకటీ రెండూ వదులుగా ఊగాయి. వాటి వెనక, ఎండ తగలని చెక్క మీద, సున్నా, ఎనిమిది ఆకారాలు తెల్లగా కనిపించాయి.

“ఒరేయ్ డ్వైట్, ఇలా రా. ఈ ఎనిమిదికి కాళ్లొచ్చి నడిచి వెళ్లిందా?”

“మిస్ వర్నెల్, మీరు బాధలో ఉన్నారు. కిందకెళ్లి మాట్లాడుకుందాం.”

“కిందకెందుకు? ఓడెల్లా వెళ్తోందిగా, దుప్పటి కప్పుకుని. నువ్విక్కడే చెప్పు.”

హాల్‌స్టెడ్ మేడం ఆ అంకెల దగ్గరికి వచ్చింది. “మిస్టర్ క్రోమర్, పొద్దున మీరు నాకు చూపించింది ఏ ఫ్లాటు?”

“పనివాళ్లు పొరపాటున...”

“పనివాళ్లా?” వర్నెల్ గొంతు వరండా చివరిదాకా మోగింది. తలుపులు తెరుచుకున్నాయి. “గోడ గురించి మొత్తుకుంటే పనివాళ్లే లేరన్నావు కదరా! అంకెలు పీకడానికి దొరికారా?”

స్ట్రెచర్ వచ్చింది. డ్వైట్ పక్కకి జరగబోయాడు. వర్నెల్ జరగనివ్వలేదు. తలుపు మీది సిలువ లాగి అతని చేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

“ఆమెది. పట్టుకుని చెప్పు.”

డ్వైట్ స్ట్రెచర్ వైపు చూశాడు. టై వదులు చేసుకున్నాడు.

“నేనే మార్చాను. పొద్దున మేడం ఆ నంబరు చెప్పగానే నా పని అయిపోయిందనుకున్నాను. ఆ గోడ చూస్తే రాయితీ పోతుంది, పైవాళ్లు నన్ను పీకేస్తారు. మేడం కింద కాఫీ తాగుతుంటే పైకొచ్చి అంకెలు మార్చేశాను. ఆవిడ వెళ్లగానే మళ్లీ పెట్టేద్దామనుకున్నాను...” పిడికిలి విప్పి సిలువ చూశాడు. “వీళ్లు వచ్చినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను, మిస్ వర్నెల్. తప్పు తలుపు కొడుతున్నారని తెలుసు. లోపల్నుంచి మిస్ ఓడెల్లా గోడ తడుతున్న చప్పుడు నాకు వినిపించింది. ‘అది కాదు, ఇది’ అంటే సరిపోయేది. మేడం నా పక్కనే ఉంది. నోరు మూసుకున్నాను.”