ఇన్నెస్ నిలబడ్డ చోటు

ఆడలేక మద్దెల ఓడనేవాళ్ళని గుంపుగా చూడాలంటే ఏప్రిల్ నెలలో స్కాట్లాండ్‌లోని స్పే నది ఒడ్డుకు రావాలి. నీళ్ళు పెరిగితే చేప పడలేదంటారు, తగ్గితే పడలేదంటారు. ఎండదీ తప్పే, మబ్బుదీ తప్పే, తూర్పుగాలిదైతే మరీ తప్పు. గాలం పట్టుకున్నవాడిది మాత్రం ఎన్నడూ తప్పు కాదు. అలాంటివాళ్ళు ముగ్గురితో ఇరవై ఆరేళ్ళు ఏటా ఒక వారం చేపలకి వెళ్ళాను.

నా పేరు ఎల్స్‌పెత్. పెర్త్‌లో ముప్పై రెండేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పాను. నాకు నోరెక్కువని మా వాళ్ళంటారు. ఉన్నమాటే అంటాను, అది వాళ్ళకి ఎక్కువగా వినిపిస్తుంది. ఆ ముగ్గురూ నాతో పాటు చదువుకున్నవాళ్ళే. గిల్బర్ట్ పళ్ళ డాక్టరు, కెన్నెత్ లాయరు, ఇన్నెస్ ఇల్లిల్లూ తిరిగి పియానోలు శ్రుతి చేసేవాడు.

మేము పట్టేది సాల్మన్ చేపని. గాలానికి వానపాము లాంటి ఎరలేమీ ఉండవు. ఈకలూ, జింక బొచ్చూ దారంతో ముల్లుకి కట్టిన ఉత్తుత్తి ఈగ ఉంటుంది. సముద్రం నుంచి నదిలోకి ఎదురెక్కిన సాల్మన్ అసలు ఏమీ తినదు. అంటే, ఆకలి లేని చేపకి తినలేని తిండి చూపించి, దానికి కోపం తెప్పించి పట్టాలన్నమాట. బుద్ధున్నవాళ్ళెవరూ చెయ్యని పని ఇది. అందుకే కాబోలు మా గిల్బర్ట్‌కి అంత నచ్చింది.

గిల్బర్ట్ మొదటి ఏడే అందరికంటే పెద్దదాన్ని పట్టాడు. కొత్త గాలపు కర్ర, కొత్త టోపీ, మోకాళ్ళ దాకా మేజోళ్ళు. గాలం విసరాలంటే ముందు తాడుని వెనక్కి ఝాడించాలి కదా, వెనక ఏముందో చూసుకోవాలని ఆయనకి తోచలేదు. వెనక పొలంలో జూలు వేలాడుతూ ఒక ఎర్రావు మేస్తోంది. ఈగ వెళ్ళి దాని పిరుదు మీది జుట్టులో తగులుకుంది. ఆవు బెదిరి పరుగు తీసింది, రీలు కీచుమంది. ఈ మహానుభావుడు వెనక్కి తిరక్కుండానే, "తగిలింది! తగిలింది! ఎంత బలంగా లాగుతోందో చూడండర్రా!" అని అరుస్తున్నాడు.

మర్డో మా గిల్లీ. అంటే నదిని కనిపెట్టుకుని ఉంటూ, మాలాంటివాళ్ళకి చేపలున్న చోటు చూపించి, పడ్డ చేపని వలలోకి తీసేవాడు. ఆయన గట్టు మీద నుంచి కదల్లేదు. "కాసేపు పరిగెత్తనివ్వండి గిల్బర్ట్ గారూ. అలిసిపోతే అదే ఒడ్డుకొస్తుంది" అన్నాడు. ఆ తరవాత ఇరవై అయిదేళ్ళలో గిల్బర్ట్‌కి అంత బరువైనది మళ్ళీ తగల్లేదు.

కెన్నెత్‌ది ఇంకో రకం. ఒకసారి పొద్దున్నుంచి మూడు గంటలు నడుములోతు నీళ్ళలో నిలబడి విసిరి విసిరి వచ్చాడు. "రెండు తగిలాయి. మొదటిది చిన్నదే. రెండోది మాత్రం పన్నెండు పౌండ్లకి తగ్గదు, ఈగని ముక్కుతో తోసి వదిలేసింది" అని చేతులు చాపి కొలత చూపించాడు. నాకెందుకో అనుమానం వచ్చి తాడు కొస లాగి చూశాను. ఈగే లేదు. ఎప్పుడో వెనక రాళ్ళకి కొట్టుకుని తెగిపోయింది. మనిషి మూడు గంటలు ఉత్త తాడుని నదికి చూపించాడు.

"ఇప్పుడే తెగి ఉంటుంది" అన్నాడు కెన్నెత్.

"అవునవును, పన్నెండు పౌండ్ల చేప జ్ఞాపకంగా దాచుకోవడానికి పట్టుకెళ్ళింది" అన్నాను.

మిగతా వారమంతా నాతో మాట్లాడలేదు. ఆ వారం ఎంత హాయిగా గడిచిందో చెప్పలేను.

ఇన్నెస్‌ని ఇలా వెక్కిరించడానికి ఏమీ దొరికేది కాదు, ఒక్కటి తప్ప. అతను నిలబడిపోతాడు. మా పద్ధతేమిటంటే, మడుగు పై కొసన దిగి, నీళ్ళకి అడ్డంగా ఒకసారి విసిరి, తాడు ఒడ్డు వైపు తిరిగొచ్చాక కిందికి ఒక్కడుగు వెయ్యాలి. మళ్ళీ విసరాలి, మళ్ళీ అడుగు. వెనకవాడు అలాగే వస్తూ ఉంటాడు. నచ్చిన చోట పాతుకుపోవడం మర్యాద కాదు. ముందున్నవాణ్ణి దాటి అతని దిగువన నీళ్ళలో దిగడమైతే మహాపాపం. దానికంటే వాడి పెళ్ళాన్ని లేపుకుపోవడం నయమంటారు మావాళ్ళు. ఇన్నెస్ మాత్రం రెండు విసురులకి ఒకసారి ఆగిపోయి నీళ్ళని వింటూ ఉండేవాడు, అక్కడెక్కడో శ్రుతి తప్పిన తీగ ఉన్నట్టు. ఒక ఏడాది జిట్టంగి పిట్ట వచ్చి అతని గాలపు కర్ర మీద వాలి, తోకాడించి, చాలాసేపు కూర్చుని వెళ్ళింది. "అడుగు వెయ్యవయ్యా ఇన్నెస్!" అని వెనక నుంచి నేను అరిచినన్ని అరుపులు క్లాసులో కూడా అరవలేదు.

మేము వెళ్తున్న ఇరవై ఆరో ఏడాది, వారం మొదలయ్యే ముందు, మేము గాలం వేసే ఒడ్డు ఉన్న ఎస్టేటు యజమాని నుంచి ఉత్తరం వచ్చింది. చేపలు తగ్గిపోతున్నాయి కాబట్టి వచ్చే ఏడాది నుంచి ఆ వారానికి నాలుగు కర్రలు కాదు, మూడే. ఎవరో ఒకరు మానుకోవాలి. ఎవరన్నది మీలో మీరే తేల్చుకోండని రాశాడు.

అగ్గిపుల్లలు తీద్దామన్నాడు గిల్బర్ట్. నేను ఒప్పుకోలేదు. "వారంలో ఒక్క చేపైనా పట్టనివాళ్ళు పోవాలి. అదీ న్యాయం" అన్నాను. ఎవరూ పట్టకపోయినా, ఒకరికి మించి ఖాళీగా మిగిలినా అప్పుడు అగ్గిపుల్లలు. నేనలా అన్నది ఇన్నెస్‌ని మనసులో పెట్టుకునే. దాచడమెందుకు? నాకు పిల్లల్లేరు, మా ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ వారం లేకపోతే నాకు మిగిలేవి యాభై రెండు వారాల వాన, కిటికీ. ఆ వారాన్ని వదులుకోవడం నా వల్ల కాదు. ఇన్నెస్ "సరే" అన్నాడు.

సోమవారం గిల్బర్ట్‌కి చేప పడింది. గాలం చుట్టేస్తుంటే, అతను చూడకుండానే పడింది. బుధవారం కెన్నెత్‌కి పడింది, ఈసారి ఈగ ఉంది. మాకేమో శుక్రవారం సాయంత్రానికి కూడా లేదు, నాకూ ఇన్నెస్‌కీ. ఆదివారం నదిలో గాలం వెయ్యకూడదు. శనివారం మధ్యాహ్నం భోజనం చేసి అందరం ఇళ్ళకి వెళ్ళాలి. మిగిలింది ఒక్క పూట.

శనివారం పొద్దున గిల్బర్టూ కెన్నెతూ ఎగువకి పోయారు. నాకూ ఇన్నెస్‌కీ వంతుగా పాదిరి మడుగనే చోటు వచ్చింది. మర్డో గుప్పిట్లోంచి అగ్గిపుల్ల తీస్తే పొట్టిది ఇన్నెస్‌కి వచ్చింది, కాబట్టి ముందు అతను. ఆ మడుగు దిగువన గుర్రం వీపులా ఒక రాయి ఉంది. చేప ఉంటే దాని వెనకే ఉంటుందని మర్డోకీ తెలుసు, మాకూ తెలుసు. ముందు వెళ్ళినవాడిదే అవకాశం.

ఇన్నెస్ బాగానే దిగుతూ వెళ్ళి, రాయికి కాస్త ఎగువన ఆగిపోయాడు. విసిరాడు, అడుగు వెయ్యలేదు. మళ్ళీ విసిరాడు, వెయ్యలేదు. పోనీ ఆ విసిరేదేమన్నా రాయి దాకా పోతోందా అంటే అదీ లేదు, పది గజాల ఇవతల పడుతోంది. నేను వెనక వచ్చి వచ్చి ఇక ముందుకు పోయే చోటు లేక నిలబడిపోయాను.

"ఇన్నెస్! అడుగు వెయ్యవయ్యా!"

వెనక్కి తిరక్కుండా ఉండమన్నట్టు చెయ్యెత్తాడు.

"ఏం చేస్తున్నావక్కడ, వేళ్ళు దింపుతున్నావా?"

"ఉండు ఎల్స్‌పెత్, తొందరేముంది?"

"నీకు లేదేమో, నాకుంది. పదకొండున్నర దాటింది!"

అతను ఇంకోసారి విసిరాడు, అదీ రాయికి ఇవతలే. ఎండ చుర్రుమంటోంది. అప్పుడు వెలిగింది నాకు. ఇది కొంగజపం. తనకి పడదని తేలిపోయింది, నాకూ పడకుండా పొద్దు పుచ్చుతున్నాడు. ఇద్దరమూ ఖాళీ అయితే అగ్గిపుల్లలు తీయాలి కదా! ఇరవై ఆరేళ్ళుగా నంగిలా తిరిగినవాడి కడుపులో ఇంతుందా అనిపించి ఒళ్ళు మండిపోయింది. నీళ్ళలోంచి గట్టెక్కాను. భూర్జ చెట్ల పక్కనుంచి ఇన్నెస్‌ని దాటి నడిచి, రాయికి ఎదురుగా మళ్ళీ దిగబోయాను.

మర్డో లేచి వచ్చాడు. "ఎల్స్‌పెత్ అమ్మా, ఆయనింకా నీళ్ళలోనే ఉన్నారు."

"నాకు కళ్ళున్నాయి మర్డో."

"ఒక్క మాట అడిగి దిగండి."

"పావుగంట నుంచి అడుగుతూనే ఉన్నాను. ఆయన గారికి చెవుడు" అన్నాను, దిగాను.

సూర్యుడి మీదికి మబ్బొచ్చి నీళ్ళు నల్లబడ్డాయి. మూడో విసురుకి తాడు బిగిసింది. కర్ర వంగింది. చేప ఒకసారి మడుగు అడ్డంగా పరిగెత్తి, గాల్లోకి ఎగిరి, దబ్బుమని పడింది. పది నిమిషాలు పెనుగులాడి ఒడ్డు దగ్గరికి తెచ్చుకున్నాను.

"మర్డో, వల!"

మర్డో వల కర్రని నేలకి ఆనించి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడ్డాడు.

"మర్డో! పోతుందయ్యా, వల!"

"ఆ చేపకి నా వల రాదమ్మా" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

వెనక నీళ్ళు చప్పుడయ్యాయి. ఇన్నెస్ కర్రని చంకలో ఇరికించుకుని, నడుముకి కట్టుకున్న చిన్న వల తీసి పట్టుకుని, గబగబా అడుగులేస్తూ వస్తున్నాడు. అతను అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. "తల పైకెత్తి ఉంచు... తొందరపడకు... ఆఁ, రానీ" అంటూ చేపని వలలోకి తీశాడు. వెండిలా ఉంది, తొమ్మిది పౌండ్లుంటుంది. ముల్లు తీసి, నీటికి ఎదురుగా రెండు చేతుల్లో పట్టుకున్నాడు. చేప ఊపిరి కూడదీసుకుని తోకతో ఒక్క తన్ను తన్ని వెళ్ళిపోయింది. మా నదిలో ఏ చేపనైనా వదిలెయ్యాల్సిందే. ఎవరు ఎలా పట్టారన్నదానికి చూసినవాళ్ళ మాటే సాక్ష్యం.

"మంచి చేప" అన్నాడు ఇన్నెస్.

ఒడ్డున చెక్క గదిలో భోజనానికి చేరేసరికి గిల్బర్టూ కెన్నెతూ కాచుకుని ఉన్నారు. "ఎవరికి పడింది? చెప్పండర్రా, ఎవరికి?"

"ఎల్స్‌పెత్‌కి. గుర్రపు రాయి దగ్గర" అన్నాడు ఇన్నెస్.

కెన్నెత్‌లోని లాయరు మేలుకున్నాడు. "అదేమిటి, ముందు వెళ్ళింది నువ్వు కదా? నువ్వు నీళ్ళలో ఉండగా ఆవిడ దిగితే ఆ చేప లెక్కలోకి రాదు. తరవాత మాటలొద్దు, ఇప్పుడే తేలిపోవాలి."

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. నోరెక్కువని పేరుపడ్డ నా నోరు ఆ ఒక్కసారి మాత్రం తెరుచుకోలేదు.

"నేను అప్పటికే గట్టెక్కేశాను. మడుగు ఆవిడదే" అన్నాడు ఇన్నెస్, గుడ్డు శాండ్‌విచ్ మీది కాగితం విప్పుతూ.

కెన్నెత్ మర్డో వైపు తిరిగాడు. "నువ్వక్కడే ఉన్నావుగా?"

మర్డో నన్నే చూశాడు. చాలాసేపు చూశాడు. నేను చెప్పడానికి బోలెడంత సమయం ఇచ్చాడు. నేను బూట్ల తాళ్ళు విప్పుకుంటూ కూర్చున్నాను.

"ఇన్నెస్ గారు చెప్పారుగా" అన్నాడు చివరికి.

గిల్బర్ట్ ఇన్నెస్ వీపు తట్టి, "పోనీలేరా, పియానోలన్నా నిన్ను భరిస్తాయి" అని నవ్వాడు. ఇన్నెస్ కూడా నవ్వాడు.

సామాను కారులో సర్దేటప్పుడు ఇన్నెస్ ఒంటరిగా దొరికాడు. నా సిగ్గుని కోపం చేసుకుని అడిగాను. "అక్కడ గుంజలా ఎందుకు నిలబడ్డావు? చేప నాకు పడకూడదనేగా?"

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "రాయి మీద ఎండ ఉంది కదా ఎల్స్‌పెత్. ఎండలో విసిరితే చేప బెదిరిపోతుంది. మబ్బు వస్తోంది, అది వచ్చాక నేను తప్పుకుని నిన్ను పంపుదామనుకున్నాను. అందుకే రాయి దాకా విసరలేదు. కేకేసి చెప్తే నువ్వు ఒప్పుకుంటావా? తిడతావు."

"ఎందుకు?" అన్నాను.

"నేను రాకపోతే ఏమవుతుంది? నువ్వు రాకపోతే వీళ్ళిద్దరినీ తిట్టేదెవరు? చెడిపోతారు" అన్నాడు. కారు తలుపు వేసి, చెయ్యూపి వెళ్ళిపోయాడు.

అతను ఇస్తానన్నదాన్నే దొంగిలించాను నేను. మరో రెండు నిమిషాలు నోరు మూసుకుని నిలబడి ఉంటే మర్యాదగా చేతికొచ్చేది.

మరుసటి ఏప్రిల్‌లో ముగ్గురమే వెళ్ళాం. గిల్బర్ట్ తన టోపీకే గాలం తగిలించుకున్నాడు. కెన్నెత్ మూడు అబద్ధాలు చెప్పాడు. "కొంగలా నిలబడే ఇన్నెస్‌గాడు లేక మడుగు బోసిపోయిందర్రా" అని ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. తిట్టడానికే కదా నన్ను ఉంచింది ఇన్నెస్! ఒక్క తిట్టు కూడా రాలేదు నాకు.

శనివారం నాకు పాదిరి మడుగు వచ్చింది. మర్డో నాతో గట్టు దాకా వచ్చాడు. నేను నీళ్ళ అంచున ఆగిపోయాను, కాలు ముందుకు పడలేదు. ఆయన వల పక్కన పెట్టి, రాయి వైపు ఒకసారి చూశాడు.

"దిగండమ్మా" అన్నాడు. "ఇప్పుడు మీ ముందు ఎవరూ లేరు."