సగం పాదానికి జాబితాలో చోటు లేదు

ఆ పేటలో ఉత్తరాలు పంచే ఆవిడని అందరూ ‘టపా అక్క’ అనేవారు. పదహారేళ్ళుగా ఒకటే బీటు. ఎవరింటి కుక్క కరుస్తుందో, ఎవరింటి కుక్క ఊరికే అరిచి ఊరుకుంటుందో, ఏ ముసలాయన గంట విన్నాక చెప్పులు వెతుక్కోవడానికి ఎంతసేపు తీసుకుంటాడో ఆమెకి కంఠతా వచ్చు. పేటంతా ఏటవాలు. సగం వీధులు వీధులే కావు, మెట్లు. భుజాన సంచి వేసుకుని మునివేళ్ళ మీద ఆమె ఆ మెట్లు దిగుతుంటే నీళ్ళు జారినట్టుండేది.

పార్శిళ్ళ గదిలో బరువులు మోసే నాలుగు చక్రాల బండికి బ్రేకు సరిగా పట్టడం లేదని ఆమె సూపర్‌వైజరుకి రెండుసార్లు చెప్పింది. “చూద్దాం లేమ్మా” అన్నాడాయన. ఆయన చూసేలోగా ఒక మధ్యాహ్నం ఆ బండి వాలులో దొర్లుకుంటూ వచ్చి ఆమె కుడిపాదాన్ని గోడకి అదిమేసింది. ఆసుపత్రిలో ఐదు వేళ్ళూ, వాటి వెనక అరికాలి వంపు దాకా తీసెయ్యాల్సి వచ్చింది. మడమ మిగిలింది, చీలమండ మిగిలింది.

“అదృష్టవంతులు, సగం పాదం దక్కింది” అన్నాడు ఆపరేషన్ చేసిన డాక్టరు.

“అంత అదృష్టమైతే ఆ బండి కింద ఆయన్నే పెట్టమనవే కాలు” అంది అత్తగారు వరండాలోకి వచ్చాక, ఆయనకి వినపడేంత గట్టిగానే.

గాయం మానింది. ఇంటాయన సోఫాలకి గుడ్డ తొడిగే పనివాడు. బూటు ముందుభాగం ఖాళీగా ఉండకుండా సోఫా స్పాంజిని వేళ్ళ ఆకారంలో కోసి లోపల దూర్చాడు. చూడ్డానికి నిండుగానే ఉంది. నాలుగడుగులు వేసేసరికి బూటు సరిగ్గా పాదం తెగిన చోటే మడతపడి, మూతి బాతుముక్కులా పైకి లేచేది. మిట్ట ఎలాగో ఎక్కేది. దిగడమే చచ్చేంత పని. ఒళ్ళు ముందుకు వాలినప్పుడు ఆపడానికి అక్కడ ఏముంది? స్పాంజి ఉంది. ఉద్యోగంలో మళ్ళీ చేరిన తొమ్మిదో రోజున, ముప్పయ్యారు మెట్ల సందులో మధ్యనుంచి అడుగుదాకా ఉత్తరాలతో సహా దొర్లింది. లేచి కూర్చుని ముందు ఉత్తరాలు ఏరుకుంది. తరవాత బూటు విప్పింది. పాదం కొసన కొత్త చర్మం చిట్లి, మేజోడు దానికి అతుక్కుపోయి ఉంది.

కృత్రిమ అవయవాలు మంజూరు చేసే ఆఫీసు ఊరికి అవతలి కొసన ఉంది. కాళ్ళరిగేలా తిరిగామంటారు గదా, ఆమెకి అరగడానికి ఉన్నవే ఒకటిన్నర. మూడుసార్లు తిరిగాక నాలుగోసారి గాజు పలక వెనకున్న గుమాస్తా తలెత్తి చూశాడు.

“ఆ తలుపు దగ్గర్నుంచి ఇక్కడికి నడవండి.”

ఎనిమిదడుగులు. నున్నటి గచ్చు. ఆమె నడిచింది.

“బాగానే నడుస్తున్నారు గదమ్మా! మీకెందుకు?”

“గచ్చు మీద నడుస్తానండీ. నాది మెట్లమీద ఉద్యోగం.”

ఆయన ఒక అట్ట తీసి గాజుకి ఆనించి చూపించాడు. “ఇదిగోండి జాబితా. తొడకి పైన, మోకాలి దగ్గర, మోకాలి కింద. వీటికైతే కాలుంది, మంచి కాలు. సగం పాదం ఇందులో లేదు. వేళ్ళు పోయినవాళ్ళకి బూట్లో పెట్టుకోవడానికి దూది ఇస్తాం. కావాలా?”

సగం అరికాలే ఉన్నా మంట మాత్రం పూర్తిగా నెత్తికెక్కింది ఆమెకి.

“అయితే ఏంచెయ్యమంటారు? మోకాలి దాకా కోయించుకుని రమ్మంటారా?”

“నేనలా అన్లేదే.”

“అనలేదు, అట్ట చూపించారు! ఎక్కువ పోతే ఎక్కువ ఇస్తారు, తక్కువ పోతే దూదా? పోయింది పోగా మిగిలిన కాలుతో బతకాలనుకోవడం నా తప్పా?”

వెనక వరసలో ఉన్నవాళ్ళు మాటలాపి చూశారు. గుమాస్తా “అప్పీలు చేసుకోండి” అంటూ ఒక కాయితం కన్నంలోంచి తోశాడు.

పక్కగదిలో కాళ్ళు తయారుచేసే మేస్త్రి ఇదంతా విన్నాడు. చేతులకి పిండిలా సున్నపు ధూళి, ముక్కు మీద అద్దాలు. ఆమె గుమ్మం దాటుతుంటే “అమ్మా, ఓసారి ఇలా రండి” అని లోపలికి పిలిచి, బల్లమీద కూర్చోబెట్టి, పాదాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఆ పాదాన్ని మొహం చిట్లించకుండా పట్టుకున్న పరాయి మనిషి ఆయనే.

“మీకు పోయింది వేళ్ళొక్కటే కాదు” అన్నాడు. “ముందుకి తోసుకునే బలం పోయింది, వాలినప్పుడు ఆగే ఆధారం పోయింది. దూదితో ఎలా వస్తాయవి?”

“మరి దేంతో వస్తాయి మేస్త్రిగారూ? దాచకుండా చెప్పండి.”

ఆయన బల్లమీద మూడు రకాలు పరిచాడు. ఒకటి మెత్తటి రబ్బరు తొడుగు. వేళ్ళూ గోళ్ళతో సహా అచ్చం పాదంలాగే ఉంది. “చర్మానికి హాయిగా ఉంటుంది. చెప్పుల్లో కూడా కనపడదు. కానీ మెట్లమీద ఇది మిమ్మల్ని ఆపదు.” రెండోది చీలమండ దాటి కాలి ముందువైపు పైకి లేచిన గట్టి డిప్ప. “ఇది బరువుని కొసమీద పడనివ్వకుండా కాలి ముందు ఎముకకి పంచుతుంది. ముందుకి తోసుకోవడం బాగుంటుంది. కానీ చీలమండ వంగదు. వాలులో చిరాకు పెడుతుంది.” మూడోది వేలెడు మందం కూడా లేని నల్లటి పలక. దానిమీద వేళ్ళున్న చోట గట్టి దిమ్మ. “దీన్ని బూటు పొడవునా వేసి, అడుగున సోలు ముందుభాగం కాస్త గుండ్రంగా చెయ్యాలి. బూటు మడత పడదు. అడుగు దొర్లుతుంది. మీకు ముందు ఇదే చూడాలనిపిస్తోంది. దేంతోనూ పోయిన పాదం తిరిగిరాదు, అది నేను అబద్ధం చెప్పను.”

పాత పలకొకటి అరగదీసి, ఆమె బూట్లో అమర్చి, పెరటి మెట్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె కమ్మీ పట్టుకుని దిగింది. రెండోసారి కమ్మీ వదిలేసింది. ఆరు మెట్లు దిగి కింద నిలబడి, అక్కడే ఏడ్చేసింది. ఏడుపు సంతోషానికా, ఇంతకాలం స్పాంజి మీద నడిచినందుకా ఆమెకే తెలీలేదు.

“ఇప్పుడిది విప్పెయ్యాలమ్మా” అన్నాడు మేస్త్రి, మొహం పక్కకి తిప్పుకుని. “మంజూరు లేకుండా బయటికి పంపితే నా ఉద్యోగం ఉండదు.”

ఆమె బూటు విప్పి, పలక తీసి ఇచ్చింది. బస్సెక్కి ఇంటికి చేరేదాకా పళ్ళు కొరుకుతూనే ఉంది.

అప్పీలు విచారణకి ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షుడు, ఒక పక్క ఆ ఆఫీసులోనే తలపండిన పాత అధికారి, ఇంకో పక్క ఎముకల డాక్టరమ్మ. అధ్యక్షుడు కాయితాలు తిప్పుతూ, “ఆ తలుపు దగ్గర్నుంచి నడవండమ్మా” అన్నాడు.

“నడవను.”

ఆయన కళ్ళద్దాలు తీశాడు. “ఏమిటీ?”

“ఈ గదిలో నడవనండీ. నడిస్తే బాగానే నడుస్తున్నావంటారు. నేను ఉత్తరాలు పంచేది మీ గచ్చు మీద కాదు. చూడాలనుంటే రేపు పదింటికి నా బీటుకి రండి. నాతో నడవండి. అప్పుడు కూడా బాగానే ఉందంటే, నేనింక ఈ గుమ్మం తొక్కను.”

అధ్యక్షుడు నవ్వాడు. పాత అధికారి గోడ గడియారం చూసుకున్నాడు. డాక్టరమ్మ మాత్రం అడిగింది, “పదింటికి ఎక్కడికి రావాలి?”

మర్నాడు డాక్టరమ్మ గొడుగు వేసుకుని నిజంగానే వచ్చింది. మొదటి వీధిలో కబుర్లు చెబుతూ నడిచింది. రెండో మిట్ట ఎక్కేసరికి ఆయాసంతో కబుర్లు ఆగిపోయాయి. సంచి తాను పట్టుకుంటానంది. టపా అక్క ఇచ్చింది. అరగంటకి డాక్టరమ్మ భుజం మార్చుకుంది. ముప్పయ్యారు మెట్ల సందులో టపా అక్క గోడకి చెయ్యి ఆనించి, పీతలా అడ్డంగా, ఒక్కో మెట్టుకీ రెండు కాళ్ళూ కలుపుకుంటూ దిగింది. వెనకనుంచి డాక్టరమ్మ ఆ కాళ్ళే చూస్తూ దిగింది.

కింద అరుగుమీద కూర్చోబెట్టి బూటు విప్పమంది. మేజోడు కొస ఎర్రగా తడిసి ఉంది.

“రోజూ ఇంతేనా?”

“ఆదివారం సెలవండీ.”

“ఆ ఎనిమిదడుగుల పరీక్ష పెట్టిందెవరో!” అంది డాక్టరమ్మ.

“మీ ఆఫీసే కదండీ.”

“అవును. ఆ పరీక్ష పెట్టమన్న కాయితం కింద నా సంతకం కూడా ఉంది. చదివే పెట్టాను.”

టపా అక్క ఆవిణ్ణి ఓదార్చలేదు. ఓదార్చాలనిపించలేదు కూడా.

మూడు వారాలకి మంజూరు ఉత్తరం వచ్చింది. తన వీధి ఉత్తరాల్లో తన పేరు చూసుకుని, పని పూర్తయ్యాకే ఇంటికెళ్ళి విప్పింది. పలక, దిమ్మ, గుండ్రటి సోలు బూట్లు, అన్నీ మంజూరయ్యాయి. కింద ఒక షరతు: ‘ఇది ప్రత్యేక కేసుగా ఇవ్వబడినది. ఇతరులెవరూ దీనిని ఆధారంగా చూపరాదు. లబ్ధిదారు ఇందుకు అంగీకరిస్తూ సంతకం చేయవలెను.’

“అంటే ఏమిటే?” అంది అత్తగారు.

“నాకిచ్చారని చూపించి ఇంకెవరూ అడగకూడదట, అత్తయ్యా. జాబితా మాత్రం అలాగే ఉంటుందట.”

“దొంగసొత్తు ఇచ్చినట్టు ఇస్తున్నారా!”

ఆమె డాక్టరమ్మకి ఫోన్ చేసింది. “ఈ మాట కొట్టేస్తేనే సంతకం పెడతాను” అంది. “పెట్టకపోతే ఫైలు మూసేస్తారు. ముందు మీ కాలు చూసుకోండి. జాబితా మార్చమని నేను విడిగా రాశాను, పోట్లాడతాను” అంది డాక్టరమ్మ. ఇంటాయన కూడా పెట్టెయ్యమన్నాడు. రెండు రోజులు కాయితం బల్లమీదే ఉంది. మూడోరోజు పొద్దున మేజోడు తొడుక్కోబోతే పుండు మళ్ళీ చిట్లింది. సంతకం పెట్టింది. కలం కాయితాన్ని చింపినంత పని చేసింది.

పలక వచ్చింది. మొదటివారం చర్మం ఎర్రబడితే మేస్త్రి రెండుసార్లు అరగదీశాడు. నెల తిరిగేసరికి పుండు ఆరిపోయింది. మునుపటి నడక మాత్రం రాలేదు. నీళ్ళు జారినట్టు దిగడం అయిపోయింది. బీటుకి ముప్పావుగంట ఎక్కువ పడుతుంది, తడి మెట్లంటే ఇప్పటికీ గోడ పట్టుకుంటుంది. కానీ మొహం ముందుకు పెట్టుకునే దిగుతోంది, పీతలా కాదు. డాక్టరమ్మ రాసిన దానికి ఐదు నెలలైనా జవాబు లేదు.

ఒక ఆదివారం పొద్దున ఇంటిముందు ఒకాయన నిలబడి ఉన్నాడు. క్యాంటీన్లో వంటవాడు. ఎడమకాలి బూటు మూతి పైకి లేచి ఉంది. షుగరు వల్ల సగం పాదం తీసేశారనీ, దూది ఇచ్చి పంపేశారనీ, ఎవరో ఇక్కడికి వెళ్ళమన్నారనీ చెప్పాడు. “మీకెలా వచ్చిందో అడగొచ్చో లేదో తెలీదమ్మా” అని నసిగాడు.

“అడగకూడదని సంతకం పెట్టించుకున్నారు” అంది టపా అక్క. కుర్చీ లాగి వేసింది. “కూర్చోండి. బూటు విప్పండి, కొస చూద్దాం. రోజుకెన్ని గంటలు నిలబడతారు? చెప్పండి, అప్పీలులో రాస్తాను.”

అత్తగారు కళ్ళజోడు వెతికి తెచ్చి పక్కనే కూలబడింది. “మెత్తగా రాయకే. మర్యాదగా రాస్తే చదవరు వాళ్ళు.”